నిష్పాక్షిక జిహ్వ

మంత్రిగారు స్కాట్లండు వెళ్ళొచ్చారు. నష్టం అక్కణ్ణుంచే మొదలైంది.

వెళ్ళింది రొయ్యల ఎగుమతి గురించి మాట్లాడటానికి. అక్కడెవరో ఒక సాయంత్రం ఆయన్ని పాత రాతి గిడ్డంగిలోకి తీసుకెళ్ళి, బల్ల మీద చిన్న చిన్న గాజు గ్లాసులు వరసగా పెట్టి, "ఇది ద్వీపం విస్కీ, ఇది లోయ విస్కీ, ఇది కొండ విస్కీ" అని చూపించారు. పక్కనే ఒక పెద్దమనిషి ఒక్కో గ్లాసూ ముక్కు దగ్గర పెట్టుకుని, గుక్కెడు నోట్లో పోసుకుని, "పొగ, తేనె, కాస్త సముద్రపు గాలి" అని రాసుకుంటున్నాడు. మంత్రిగారు ముగ్ధులైపోయారు. మన దగ్గర ఇంతమంది ఇన్నేళ్ళుగా తాగుతున్నారు, ఒక్కడైనా తాను తాగినదేమిటో రెండు ముక్కలు రాసుకున్నాడా?

విమానం దిగేసరికి ఆలోచన ముదిరింది. వారం తిరిగేసరికి జీవో వచ్చింది. ప్రపంచంలోని విస్కీలన్నిటినీ ప్రాంతాలవారీగా రుచిచూసి, వాటికి ర్యాంకులిచ్చి, ఏది తాగదగినదో ప్రజలకు ప్రభుత్వమే చెబుతుంది. అందుకోసం కాకినాడలో, పోర్టుకెళ్ళే రోడ్డు మీద ఖాళీగా పడున్న ఒక పాత ఉప్పు గోదాముకి సున్నం వేసి, రాష్ట్ర విస్కీ రుచి నిర్ణయ మండలి అని బోర్డు పెట్టారు.

మంత్రిగారు స్కాట్లండులో వాసన మాత్రమే చూశారని అదే రోజు పత్రికా ప్రకటన కూడా వెలువడింది.

మండలికి డైరెక్టరుగా కోదండపాణి వచ్చాడు. ఎంత తేలికైన పనినైనా నిబంధనల్లో పెట్టి అసాధ్యం చెయ్యగల సమర్థుడని ఆయనకి సెక్రటేరియట్‌లో పేరు. సూపరింటెండెంటుగా నరహరి వచ్చాడు. ఈ కథ నరహరిది.

నరహరి అంతకుముందు మత్స్యశాఖలో ఉండేవాడు. మండలిలో పోస్టు కోసం అతను పడని పాట్లు లేవు. కారణం ఎవరికీ చెప్పలేదు. నరహరి తాగుతాడు. అలా ఇలా కాదు, ప్రేమగా తాగుతాడు. మందు నోట్లో పోసుకుని కళ్ళు మూసుకుని, ఇందులో ఏముంది అని ఆలోచించే మనిషి. అటువంటివాడికి జీవితమంతా దొరికింది వీధి చివర షాపులో అమ్మే క్వార్టరు సీసా. అందులో ఆలోచించడానికి ఏమీ ఉండదు. ప్రపంచంలో ఇంకేదో ఉందని అతనికి తెలుసు. అదంతా ఒకే గదిలోకి వస్తోందని జీవో చదివాక తెలిసింది.

చేరిన రోజు డైరెక్టరు పిలిచి కూర్చోబెట్టాడు.

"చూడు నరహరీ, నాలుగో నిబంధన చదివావా? మద్యం సేవించే వ్యక్తి మద్యం విషయంలో లబ్ధిదారుడు. లబ్ధిదారుడు న్యాయనిర్ణేత కారాదు. కావున రుచి చూసే ప్రతి వ్యక్తీ జన్మలో చుక్క ముట్టనివాడై ఉండాలి. దీన్ని మనం నిష్పాక్షిక జిహ్వ అంటాం."

"చిత్తం సార్. కానీ ఎప్పుడూ తాగనివాడికి ఏది మంచిదో ఎలా..."

"అదే కదయ్యా నిష్పాక్షికత! తెలిసినవాడికి అభిప్రాయం ఉంటుంది. అభిప్రాయం ఉన్నవాడు పనికిరాడు." డైరెక్టరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇక ఏడో నిబంధన. ఒక చెంచా రుచి చూసిన మరుక్షణం సదరు వ్యక్తి అనుభవజ్ఞుడైపోతాడు. అనర్హుడు. కావున ఒక మనిషికి జన్మలో ఒకే చెంచా."

"మరి స్కాట్లండుదీ ఐర్లండుదీ పోల్చాలంటే సార్?"

"ఇద్దరు మనుషులు."

"ఒకరు తాగింది ఇంకొకరు తాగకుండానే పోలుస్తారా?"

"ఫైలు పోలుస్తుంది," అన్నాడు డైరెక్టరు. "అన్నట్టు తొమ్మిదో నిబంధన ప్రకారం సిబ్బంది కూడా ముట్టనివాళ్ళే అయ్యుండాలి. నీ సర్టిఫికెట్టు చూశాను. సంతోషం."

ఆ సర్టిఫికెట్టు ఎలా పుట్టిందో నరహరికి, దాన్నిచ్చిన తహసీల్దారుకి తెలుసు. వాళ్ళిద్దరూ అది కాగితం మీదికెక్కించింది ఒకే సీసా ముందు కూర్చుని.

మొదటి పరీక్షకి ఇద్దరు వచ్చారు. పెద్దాపురం భజన మండలి అధ్యక్షురాలు సుందరీమణి, పిఠాపురంలో రిటైరైన డ్రిల్లు మాస్టారు సత్యానందం. ఒకావిడకి ఐర్లండు విస్కీ, ఒకాయనకి అమెరికాలో మొక్కజొన్నతో కాచిన విస్కీ.

సుందరీమణి మందుల చెంచాని చూసి దణ్ణం పెట్టుకుంది. "ప్రభుత్వం పనని చెప్పారు కాబట్టి ఒచ్చానండి. మా మండలిలో తెలిస్తే తాళాలు పట్టుకోనిస్తారా నన్ను?"

"దేశసేవ తల్లీ," అన్నాడు డైరెక్టరు.

ఆవిడ కళ్ళు మూసుకుని మింగింది. ముఖం ఎర్రబడింది. "రామ రామ రామ," అంది, ఆపకుండా.

"ఇప్పుడు చెప్పండి. రుచి?"

"మండిందండి బాబూ."

"అది ఏ ప్రాంతపు మంట?"

"గొంతు ప్రాంతం బాబూ."

డైరెక్టరు రాయించాడు. తరవాత సత్యానందం మింగి, దగ్గి, కళ్ళనీళ్ళు కారుతుండగానే అటెన్షన్‌లో నిలబడి, "మండింది సార్!" అని అరిచాడు. నరహరి పక్కన నిలబడి రెండు మూతల వాసనా పీల్చాడు. మొదటిదాంట్లో పండిన యాపిలుపండు, వెన్న, పచ్చగడ్డి. మూడుసార్లు కాచిన మెత్తదనం. రెండోదాంట్లో కాల్చిన చెక్క, ఆ మీద పాకంలో పడేసిన వేరుశెనగ. రెండు దేశాలు, రెండు లోకాలు. ఫైల్లో రెండిటి ఎదురుగా ఒకటే మాట ఎక్కింది. మండింది.

పరీక్ష కాగానే డైరెక్టరు లేచి నిలబడి, ఇద్దరికీ శాలువాలు కప్పి, వాళ్ళ సర్టిఫికెట్లు రద్దుచేసి, వెనక తలుపు చూపించాడు. గోదాము వెనకభాగంలో మండలివారిదే మద్యపాన విముక్తి కేంద్రం ఉంది. అనుభవజ్ఞుల్ని ప్రజల్లోకి వదిలితే అలవాటు ముదురుతుందని పదకొండో నిబంధన.

"ఒక చెంచాయే కదండీ!" అంది సుందరీమణి.

"అందరూ ఒక చెంచాతోనే మొదలుపెడతారమ్మా," అన్నాడు అక్కడి డాక్టరు జాలిగా.

నేను తాగుబోతుని కాదు మొర్రో అన్నవాళ్ళని ఆ కేంద్రంలో ఇంకో నెల ఉంచేవారు. తాగుబోతులందరూ చెప్పే మాట అదేనట.

పరీక్షలు జరిగేకొద్దీ ఒక చిక్కొచ్చింది. స్కాట్లండు లోయది మండింది. కొండది మండింది. మన బెంగుళూరుదీ మండింది. అన్నిటికీ సమానంగా మార్కులు పడ్డాయి. ర్యాంకులెలా ఇవ్వాలి? డైరెక్టరు రెండు రోజులు గది తలుపేసుకుని దగ్గు సూచికని కనిపెట్టాడు. వందకి వంద మార్కులతో మొదలు. ఒక్కో దగ్గుకీ అయిదు మార్కులు కోత. కన్నీళ్ళొస్తే పది. దేవుణ్ణి తలుచుకుంటే రెండు, కుటుంబసభ్యుల్ని తలుచుకుంటే మూడు. బూతు మాట వస్తే ఇరవై. ఎంత తక్కువ దగ్గిస్తే అంత గొప్ప విస్కీ. మంత్రిగారు మెచ్చుకుని, ఇది దేశంలోనే మొదటిసారి అని ప్రకటించారు. నిజమే. ఇంకెవరికీ తట్టలేదు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి. నలభై రకాల విస్కీ, ఒక్కోదానికి పదేసి నాలుకలు. ముట్టనివాళ్ళు తరిగిపోసాగారు. జిల్లాకింతమంది అని కలెక్టర్లకి టార్గెట్లు పెట్టారు. నరహరిని జీపిచ్చి ఊళ్ళ మీదికి తోలారు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు దీక్షాకాలంలో ముట్టరు కదా, వాళ్ళు అర్హులా కాదా అని ఒక ఫైలు నడిచింది. అది తాత్కాలిక పవిత్రత అని తేల్చి డైరెక్టరు కొట్టేశాడు.

వెనక తలుపులోంచి ఎవరూ తిరిగి రావటంలేదన్న సంగతి జనానికి త్వరలోనే తెలిసింది. ఇక జీపు కనపడితే చాలు, ఊరు ఊరంతా తాగుబోతులైపోయేది. సామర్లకోటలో ఒక శాకాహారి లెక్కల మాస్టారు సీసా కొనుక్కుని, నలుగురూ చూసేలా చంకలో పెట్టుకుని, బజారంతా తిరిగి, ఇంటికెళ్ళి తులసికోట పక్కన పారబోశాడు. తునిలో నరహరి ఒక ఇంటి తలుపు తడితే ఒకావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని బయటికొచ్చింది.

"మా ఆయన తాగుబోతండి బాబూ! పొద్దున్న లేస్తే అదే పనండి. కావాలంటే చుట్టుపక్కలోళ్ళనడగండి."

"మీ ఆయన పాతికేళ్ళ నుంచి టీ కూడా తాగడని ఆఫీసులో చెప్పారమ్మా."

"అవన్నీ అక్కడి నాటకాలండి! ఇంటికొచ్చి నన్ను చావగొట్టేస్తాడండి," అంది. లోపలినుంచి ఆయన, "ఒసే, చావగొట్టేది మాత్రం చెప్పకే, పరువు పోతుంది," అన్నాడు.

నరహరి వాళ్ళని తాగుబోతులుగానే రాసుకుని వచ్చేశాడు.

ఊళ్ళు తిరిగొచ్చిన సాయంత్రాలు అతనివే. శాంపిల్ గది తాళం అతని దగ్గరే ఉండేది. సీసాలన్నీ నమోదు సమయంలోనే మూతలు తీసి కొలిచి పెట్టినవి. మొదట్లో ఒక మూతెడు. తగ్గినంత మేరకి ఫ్లాస్కులోంచి టీ డికాషన్ కలిపేవాడు. రంగు అచ్చుగుద్దినట్టు సరిపోయేది.

అన్నీ ఒక ఎత్తు, స్కాట్లండు ద్వీపం విస్కీ ఒక ఎత్తు. మూత తీస్తే పొగ. మామూలు పొగ కాదు, తంపటి వేసిన తేగల పొగ. దాని వెనక ఉప్పుగాలి. జగన్నాథపురంలో వలలు ఆరేసిన చోట వచ్చే వాసన. ఆ వెనకెక్కడో, మర్యాదగా, కొత్త బెల్లం. అంత దూరపు దేశంలో ఎవడో ఈ ఊరిని సీసాలో పోసి పంపాడనిపించింది నరహరికి. ఆ వారం వాయుగుండం పట్టి ముసురు వదల్లేదు. ముసురు విడిచేసరికి సీసాలో ఒక్క చుక్క కూడా లేదు.

దాన్ని పూర్తిగా టీ డికాషన్‌తో నింపాడు.

ఇంట్లో భార్య వసుంధర అప్పటికే అనుమానపడుతోంది. "ఏవండీ, మీరొక్కరే రోజూ రెండు ఫ్లాస్కుల డికాషన్ తాగుతున్నారా?"

"ఆఫీసులో అందరికీనే."

"పాలు లేకుండానా? ఏం ఆఫీసండీ అది, పాల ప్యాకెట్టుకి గతిలేని ఆఫీసు!" అని తిట్టుకుంటూనే, భర్త పదిమందికీ పంచుతున్నాడు కదా అని రెండు ఏలక్కాయలు దంచి వేసింది. పంచదార కూడా కాస్త ఎక్కువే వేసింది.

ఫలితాలు రానే వచ్చాయి. ద్వీపం విస్కీకి పదిమంది నాలుకల మీదా ఒక్క దగ్గు లేదు. ఒక్క కన్నీటిచుక్క లేదు. రామచంద్రపురం నుంచి వచ్చిన పూజారిగారు చెంచా నాకి, "ఇంకొంచెం ఉందా అండీ?" అని అడిగినట్టు రికార్డయింది. వందకి వంద. స్వర్ణపతకం. రెండో స్థానం జపాను విస్కీకి, వెండిపతకం.

ఆ సాయంత్రం నరహరికి అన్నం సహించలేదు. బహుమతి ప్రదానం సూర్యకళామందిరంలో అని, మంత్రిగారు వస్తున్నారని, ద్వీపం నుంచి కంపెనీ మనిషి ఫెర్గస్ అనే దొర కూడా వస్తున్నాడని, స్వర్ణపతకం సీసాని వేదిక మీదే తెరుస్తారని డైరెక్టరు చెప్పాడు. పట్టుబడితే దొంగతనం, ఫోర్జరీ సర్టిఫికెట్టు, జైలు. అంతకంటే ముందు ఆ గది తాళం పోతుంది. ఇంకా ముప్ఫైకి పైగా సీసాల్ని అతను సరిగా పలకరించనే లేదు.

సీసాని అసలు విస్కీతో మారుద్దామని చూశాడు. స్వర్ణపతకం వచ్చిన సీసా కాబట్టి దాన్ని అప్పటికే పోలీసు కాపలాలో పెట్టేశారు.

సభ కిటకిటలాడింది. మంత్రిగారు మాట్లాడారు. డైరెక్టరు అంతకంటే ఎక్కువసేపు మాట్లాడాడు. తరవాత సీసా తెరిచి ఫెర్గస్ దొరకి గ్లాసులో పోసిచ్చారు. ఆయన ఎర్రటి పొడుగాటి మనిషి. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయాడు. మళ్ళీ వాసన చూశాడు. తాగాడు. మైకు ముందుకొచ్చాడు.

దుభాషి అనువదించాడు. "ఇది టీ అంటున్నారండి."

వేదిక మీద వరసగా కూర్చున్న అధికారులందరికీ ఆ గ్లాసు వాసన చూపించారు. అందరూ చూశారు. అందరి ముఖాల్లోనూ ఒకే ఒక్క క్షణం ఒకే వెలుగు కనపడి ఆరిపోయింది. అది టీ అని చెప్పాలంటే విస్కీ ఎలా ఉంటుందో తెలిసుండాలి. అది తెలియదని సంతకాలు పెట్టినవాళ్ళే అందరూ.

డైరెక్టరు లేచాడు. "దొరగారూ, తమరు మద్యం సేవిస్తారా?"

"మా వంశం అయిదు తరాలుగా ఇదే కాస్తోంది!"

"అనగా అయిదు తరాల లబ్ధిదారులు. తమ అభిప్రాయాన్ని నాలుగో నిబంధన కింద తోసిపుచ్చుతున్నాం."

చప్పట్లు మోగాయి. ఫెర్గస్ దొర గ్లాసు చూపించి ఏదో అరుస్తున్నాడు. దుభాషి అనువదించడం మానేశాడు. అంతటితో పోయేదే. కానీ మంత్రిగారికి ముందు వరసలో విలేకరులు కనపడ్డారు.

"ఎందుకొచ్చిన గొడవ కోదండపాణీ? ఇక్కడే, అందరి ముందే ఒక నిష్పాక్షిక జిహ్వతో తేల్చేయండి."

"జిల్లాలో నిల్వ లేవు సార్," అన్నాడు డైరెక్టరు. ఆ తరవాత ఆయన చూపు మెల్లగా హాలంతా తిరిగి, తెరచాటున నిలబడి చెమటలు కక్కుతున్న నరహరి మీద ఆగింది. "ఒక్కటి ఉంది."

నరహరిని వేదిక మధ్యకి నడిపించారు. చేతికి చెంచా ఇచ్చారు. అతని బుర్ర చకచకా పనిచేసింది. టీ అంటే విస్కీ ఏమైందని అడుగుతారు. తాళం ఎవరి దగ్గరుంది? జైలు. విస్కీ అంటే విస్కీ తాగినవాడవుతాడు. అనుభవజ్ఞుడు. పోస్టు పోతుంది, తాళం పోతుంది, వెనక తలుపు. రెండు దార్లూ ఒకే గోతిలోకి. ఒకదాంట్లో మాత్రం చేతులకి బేడీలుండవు.

మింగాడు. ఏలకులు ఎక్కువయ్యాయి.

"విస్కీయే సార్," అన్నాడు. "ప్రపంచంలోకెల్లా గొప్పది."

ఫెర్గస్ దొర గ్లాసు నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు. బ్యాండు మేళం మోగింది. మంత్రిగారు నరహరికి శాలువా కప్పుతూ, వచ్చే నెల నుంచి ఈ రుచికి దగ్గరగా లేని విస్కీని రాష్ట్రంలోకి రానివ్వబోమని ప్రకటించారు.

మర్నాడు డైరెక్టరు తన గదిలోకి పిలిచి తలుపు మూశాడు. తరవాత కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"ఏలకులా?"

నరహరి మూసిన తలుపు వైపు చూశాడు. "సార్..."

"భయపడకు. తెలుసుకుందామని. జపానుది నాదే, నువ్వు ఊళ్ళు తిరిగేటప్పుడు తాళం నా దగ్గరే కదా. చందనం వాసన కొట్టేదయ్యా, అబ్బ, ఏం విస్కీ! మాడ్చిన పంచదార నీళ్ళు పోశాను. ఒక్క లవంగమే ఎక్కువైంది, ఇద్దరు దగ్గారు. లేకపోతే స్వర్ణం నాకొచ్చేది." నిట్టూర్చాడు. "మూడోది జాయింట్ సెక్రటరీ. నాలుగోది పేషీలోకెళ్ళొచ్చింది, ఎవరి పనో నేను అడగలేదు. అసలు విస్కీ అన్నది పదకొండో స్థానంలో మొదలవుతుంది. అది ఎవరికీ తాగబుద్ధి కాలేదు."

నరహరికి ప్రాణం లేచొచ్చింది. "అయితే సార్, నన్ను వెనక్కి పంపనక్కర్లేదు కదా? నేను తాగింది టీయేనని మీకు తెలుసు!"

డైరెక్టరు ముఖంలోకి మళ్ళీ ప్రభుత్వం వచ్చి కూర్చుంది.

"నాకెలా తెలుస్తుంది నరహరీ? నేను ముట్టనివాణ్ణి," అన్నాడు. తాళంచెవి కోసం చెయ్యి చాచాడు.

వెనక తలుపు తెరిచారు. లోపల పొడుగాటి హాల్లో వరసగా మంచాలు. ఆ మంచాల మధ్య పెద్ద రభస జరుగుతోంది. జన్మలో ఒక్క చెంచా మించి తాగని మనుషులు అక్కడ పార్టీలుగా చీలిపోయున్నారు.

"మా ఐర్లండుది ఎంత మర్యాదగా మండిందండీ! మీ అమెరికాది రౌడీ మంట," అంటోంది సుందరీమణి.

"మీకేం తెలుసమ్మా మంట గురించి! నాది మడమల దాకా దిగింది," అన్నాడు సత్యానందం. కొత్త మనిషిని చూసి అందరూ చుట్టూ చేరారు. "ఏం పోశారండీ మీకు? ఎక్కడిది?"

నరహరి మంచం మీద కూలబడ్డాడు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. ఈ రాష్ట్రంలో విస్కీ గురించి నోరు విప్పి మాట్లాడుకునే చోటు ఇదొక్కటే అని కూడా అతనికి అప్పుడే తట్టింది.

"స్వర్ణపతకం వచ్చింది చూశారూ, ద్వీపానిది. అసలుది నేను తాగేశానండి, సీసా మొత్తం. తేగల పొగ, ఉప్పుగాలి, చివర్లో బెల్లం. నిన్న వేదిక మీద నాకు పోసింది మాత్రం టీ. ఒట్టి టీ. మా ఇంట్లో కాచిందే. ఏలకులు మా ఆవిడే వేసింది."

ఎవరూ నవ్వలేదు. సత్యానందం వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. సుందరీమణి డాక్టరు కోసం గుమ్మం వైపు తిరిగింది.

"ఏవండోయ్, ఒకసారిలా రండి. పాపం, ఈయనకి బాగా ఎక్కింది."